వాసన రాని గ్యాస్

"మీ కంపెనీ గ్యాస్ ఎంత మంచిదో వదినా, అసలు వాసనే రాదు!" అంది మా ఆడపడుచు, తిన్న పళ్ళెం నా చేతికిస్తూ.

ఆదివారం మధ్యాహ్నం. నేను సింక్ దగ్గర ఉన్నాను. మిగతావాళ్ళు ఇంకా బల్ల దగ్గరే కూర్చుని, తిన్నది అరగాలి కదా అన్నట్టు కబుర్లు చెప్పుకుంటున్నారు. పళ్ళెం అందుకున్నాను గానీ కడగలేదు. కుళాయి నీళ్ళు ఊరికే పారుతున్నాయి.

"వాసన రాకపోవడమేమిటి?" అన్నాను.

"రాదంటే రాదు. పాత ఇంట్లో సిలిండర్ మార్చినప్పుడల్లా కుళ్ళిన గుడ్ల కంపు కొట్టేది కదా? కొత్త ఫ్లాట్‌లో పైపు గ్యాసాయె, ఆ బాధే లేదు. మొన్నేమైందనుకున్నావ్? పొయ్యి తిప్పి లైటర్ వెతుక్కుంటున్నానా, ఇంతలో ఫోనొచ్చింది. మాట్లాడొచ్చి వెలిగిద్దును కదా, భగ్గుమని ఇంతెత్తున లేచింది! ఇదిగో చూడు." ఎడమ కనుబొమ చూపించింది. "సగం ఎగిరిపోయింది. పెన్సిల్‌తో దిద్దుకున్నా. అప్పుడు కూడా వాసన రాలేదంటే నమ్ము."

అందరూ నవ్వారు. "పోనీలే, పార్లర్ ఖర్చు తప్పింది" అన్నాడు మా ఆయన. "దిష్టి పోయిందిలే" అంది అత్తయ్య. లోపల గదిలో నా మంచం మీద ఆడపడుచు కూతురు, నెలల పాప, రెండు చేతులూ పైకెత్తి నిద్రపోతోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి. చెబితే మొదట అందరూ నవ్వుతారు, అది నాకు అలవాటే. పైప్‌లైన్లో వచ్చే గ్యాస్‌కి సొంత వాసన ఉండదు. అది గదంతా నిండినా తెలియదు. అందుకని ఊరి బయట స్టేషన్‌లో దానికి ఒక కంపు మందు కలుపుతారు. మీరు గ్యాస్ వాసన అనుకునేది ఆ మందు వాసనే. గాలిలో నూటికి అయిదు పాళ్ళు గ్యాస్ చేరిందంటే చిన్న నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. కాబట్టి నూటికి ఒక పాలు చేరేలోపే మామూలు మనిషి ముక్కుకి ఆ కంపు తెలిసితీరాలి అని నిబంధన. తెలుస్తోందో లేదో చూడడానికి ఎన్ని మిషన్లున్నా చివరికి ఒక మనిషి ముక్కే కావాలి, అది కూడా నిబంధనే. ఆ ముక్కు నాది. ఆఫీసులో నన్ను ముక్కు మేడమ్ అంటారు. ఇంట్లో మా ఆయన సరదాగా ఉన్నప్పుడు జాగిలం అంటాడు. "లోకంలో అందరూ చెమటోడ్చి సంపాదిస్తారు, మా ఆవిడ ముక్కు ఎగబీల్చి సంపాదిస్తుంది" అని నా ముందే స్నేహితులకు చెబుతాడు. వాళ్ళు నవ్వుతారు, నేను టీ కప్పులు తీస్తాను.

పరీక్షకు ముందు అత్తర్లు పూసుకోకూడదు, వాసన సబ్బు వాడకూడదు, వెల్లుల్లి లాంటి ఘాటు సరుకు వేయించకూడదు, ముక్కు అలిసిపోకూడదు. కొత్తలో ఈ సంగతి ఇంట్లో చెప్పి, పరీక్ష ఉన్న రోజు పొద్దున వంట ఇంకెవరైనా చూస్తారా అని అడిగాను. "ముక్కుకి సెలవట!" అని అత్తయ్య బుగ్గలు నొక్కుకుంది. "ఆ రోజు నేను హోటల్లో తింటాలే" అన్నాడు మా ఆయన, అదేదో త్యాగంలాగా. మరి అత్తయ్య ఏం తింటుంది, పిల్లల డబ్బాలు ఎవరు సర్దుతారు అన్నది ఎవరూ అడగలేదు. అప్పటినుంచి పరీక్ష రోజున ముందే లేచి, ముఖానికి తడిగుడ్డ కట్టుకుని వంట చేస్తున్నాను. దొంగతనానికి వచ్చినదానిలా ఉంటాను. అది చూసి మా పిల్లలు నవ్వుతారు.

పోనీ నా ముక్కంటే వీళ్ళకి అంత వేళాకోళమైతే దాని జోలికి రాకుండా ఉంటారా అంటే అదీ లేదు. పొద్దున లేస్తూనే మా ఆయన నిన్నటి చొక్కా చంక నా ముఖానికి ఆనించి "ఇంకో పూట ఆగుతుందా?" అంటాడు. అత్తయ్య ఫ్రిజ్‌లోంచి ఒక్కో గిన్నే తీసి నా ముందు పెడుతుంది. ఉంచాలో పారెయ్యాలో నేను చెప్పాలి. ఆడపడుచు వచ్చినప్పుడు పాప తడిపిందా, పరుపు ఆరిందా, మాడేది మన వంటా పక్కింటిదా, అన్నిటికీ నేనే. ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్కటే ముక్కు ఉన్నట్టు బతుకుతున్నాం. కానీ బాత్రూము గొట్టంలోంచి మురుగు వాసన వస్తోంది, ప్లంబర్ని పిలవండి అంటే మాత్రం "నీకన్నీ అలాగే అనిపిస్తాయి" అంటారు. మానేశానన్న సిగరెట్ వాసన మీ కాలర్ దగ్గర ఉంది అంటే "అనిపించిందా? సరే, పడుకో" అంటాడు మా ఆయన. వాళ్ళకి పనికొచ్చినప్పుడు నాకు తెలుస్తుంది, పనికిరానప్పుడు నాకు అనిపిస్తుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ రెండో మాట ఎంత లోపలికి దిగిపోయిందంటే, ఇప్పుడు ఎవరూ అనకముందే నేనే అనుకుంటున్నాను, ఇది నిజమా, నాకు అనిపిస్తోందా అని.

దానికితోడు పోయినేడు జ్వరమొచ్చి కొన్ని వారాలు నాకు ఏ వాసనా తెలియకుండా పోయింది. అన్నం మాడితే పొగ చూసి తెలుసుకున్నాను. తర్వాత మెల్లగా తిరిగొచ్చింది. ఆఫీసు డాక్టరు వరసగా సీసాలు పెట్టి పరీక్ష చేసి, బాగానే ఉందని రాసిచ్చాడు. ఒక్కోసారి ఏదో ఒక్క వాసన మాత్రం తిరిగి రాకుండా పోతుందని కూడా అన్నాడు. అందుకే భయం పోలేదు. రోజూ లేవగానే, ఇంకా కళ్ళు పూర్తిగా తెరవకముందే, దిండు కింద దాచుకున్న అగ్గిపెట్టె తీసి వాసన చూసుకుంటాను. గంధకం ముక్కుకి తగిలితే అప్పుడు లేస్తాను. ఈ సంగతి మా ఆయనకి తెలియదు.

ఆ ఆదివారం చేతులు తుడుచుకుని బాల్కనీలోకి పోయి సూపర్‌వైజరుకి ఫోన్ చేశాను. మా ఆడపడుచు వాళ్ళ కాలనీకి కొత్త లైన్ వేసింది మా కంపెనీయే. ఆయన నిద్రలోంచి లేచినట్టున్నాడు. "మీ ఆడపడుచుగారి కనుబొమలకి మనం బాధ్యులం కాదమ్మా" అన్నాడు. "రేపు పొద్దున ఆ కాలనీలోనే కదా మీకు పరీక్ష? మీరే చూద్దురుగాని. ఈలోపు కొంప మునిగిపోదు."

లోపలికొచ్చి ఆడపడుచుతో చెప్పాను. పొయ్యి కింద చిన్న పసుపు మీట ఉంటుంది, ఇంటికెళ్ళగానే అది మూసెయ్, కిటికీలు తీసే ఉంచు, రేపటిదాకా ఆ పొయ్యి వెలిగించకు, అసలు ఇవాళ ఇక్కడే ఉండిపో అన్నాను. 

"వదినా, నీకు ఆదివారం కూడా ఆఫీసేనా?" అని నవ్వింది ఆడపడుచు.

"పసిబిడ్డ తల్లిని అలా హడలగొట్టకు" అన్నాడు మా ఆయన. "ఎన్ని ఇళ్ళున్నాయి అక్కడ? ఎవరికీ లేని భయం నీకేనా?"

"నేను వెళ్ళి తోడుంటాలే" అని అత్తయ్య సంచి సర్దుకుంది. వాళ్ళు ముగ్గురూ ఆటో ఎక్కుతుంటే పాప నా చెంగు పట్టుకుని వదల్లేదు. ఒక్కొక్క వేలే తీసి విడిపించుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత ఆ పూటంతా నేను పడ్డ అవస్థ ఎవరికీ కనిపించేది కాదు. గిన్నెలు కడిగాను, బట్టలు మడతపెట్టాను. మడతపెడుతూ నాలుగుసార్లో అయిదుసార్లో ఆడపడుచుకి ఫోన్ చేశాను. మూశావా? మూశాను. కిటికీ? తీశాను. చివరికి ఆమె "వదినా, పాప పడుకుంది, ఇంక చెయ్యకు" అంది. ఫోన్ బల్ల మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఒకవేళ నాదే వట్టి భయమైతే? రేపు మిషన్ ముందు కూర్చోగానే వాసన గుప్పుమని వస్తే? వస్తే బాగుండునని దండాలు పెట్టుకున్నాను. నా మాట తప్పని తేలాలని నేనే మొక్కుకోవడం అదే మొదటిసారేమీ కాదు.

పొద్దున వ్యాన్‌లో ముగ్గురం వెళ్ళాం, నేను, సూపర్‌వైజరు, డ్రైవరు. కాలనీ గేటు పక్కన ఇనుప జాలీ పెట్టె ఉంది, లైన్ చివర కుళాయి అందులోనే ఉంటుంది. మా పరికరం చూడడానికి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దానికి కుళాయి తగిలిస్తే గ్యాస్‌ని గాలితో కొద్దికొద్దిగా కలిపి చిన్న గరాటులోకి పంపుతుంది. నేను గరాటు దగ్గర ముక్కు పెట్టి, వాసన తెలిసిన క్షణాన మీట నొక్కాలి. అప్పుడు ముల్లు ఎక్కడుందో అదే లెక్క.

కళ్ళు మూసుకున్నాను. పక్కన గడ్డి కోసినట్టున్నారు, పచ్చి వాసన వస్తోంది. జాలీకి వేసిన కొత్త రంగు వాసన. వెనకాల నిలబడ్డ డ్రైవరు చేతుల మీది డీజిలు. గరాటులోంచి మాత్రం ఏమీ లేదు. గాలి వస్తోంది, అంతే. కళ్ళు తెరిచేసరికి ముల్లు ఒకటి దాటిపోయింది. ఒకటిన్నర దాటింది. రెండుకి చేరాక పరికరం కట్టేశాను.

"ఏమైంది?" అన్నాడు సూపర్‌వైజరు.

"రాలేదు సార్."

"జలుబా?"

"కాదు."

ఇంకోసారి చూశాను. మళ్ళీ అంతే. సూపర్‌వైజరు నన్ను పక్కకి జరగమని తానే గరాటు దగ్గర వంగాడు. రెండుసార్లు గట్టిగా పీల్చి "వస్తోందిగా?" అన్నాడు. ఆ మాట నాకు చెప్పినట్టు లేదు, తనకి తాను చెప్పుకున్నట్టుంది. కుళాయి కట్టి, డ్రైవరుని పిలిచి "నువ్వు చూడవోయ్, వాసన వస్తోందా?" అన్నాడు. డ్రైవరు గరాటు వైపు వంగాడు గానీ చూపంతా సూపర్‌వైజరు ముఖం మీదే ఉంది. "వస్తోంది సార్, బాగా వస్తోంది" అన్నాడు.

"కుళాయి ఇంకా తెరవనే లేదు" అన్నాను.

డ్రైవరు నాలిక్కరుచుకున్నాడు. "పొద్దున్నుంచీ ముక్కులో ఉండిపోయిందేమో మేడమ్" అని వ్యాన్ అద్దం తుడవడానికి వెళ్ళిపోయాడు.

సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "చూడమ్మా, స్టేషన్‌లో మందు కొలత ప్రకారమే కలుస్తోంది. పొద్దున నేనే ఫోన్ చేసి కనుక్కున్నాను. అక్కడ మిషన్ ఉంది. మిషన్‌కి జ్వరాలు రావు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అయినా అన్నాను. "స్టేషన్‌లో కలిసినా ఇక్కడికి రావాలిగా సార్? కొత్త కుండ నీళ్ళు తాగినట్టు కొత్త పైపు మొదట్లో మందంతా తాగేస్తుంది. ఇళ్ళకి ఇచ్చేముందు ఎక్కువ మందు పోసి కొన్నాళ్ళు నానబెట్టాలి. ఈ లైన్‌కి ఆ పని చేశారా?"

ఆయన గేటు వైపు చూశాడు. గేటుకి ప్రారంభోత్సవం రోజు కట్టిన రంగు కాగితాలు ఇంకా వేలాడుతున్నాయి. "తేదీ ముందే ఖాయం చేసేశారు" అన్నాడు. "పెద్దవాళ్ళొచ్చి రిబ్బన్ కత్తిరించారు. నానబెట్టడానికి టైమెక్కడిచ్చారు? అయినా గ్యాస్ పారుతూ ఉంటే అదే సర్దుకుంటుంది. మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి. మీవాళ్ళిల్లు ఇక్కడే కదా, వెళ్ళి టీ తాగి రండి. తర్వాత మళ్ళీ చూద్దాం. అప్పుడూ రాకపోతే డాక్టరుకి చూపిద్దాం."

"దేన్ని సార్, గ్యాస్‌నా?"

"మిమ్మల్నమ్మా" అన్నాడు, ఎంతో దయగా. "ఇంట్లో ఏమైనా టెన్షన్లున్నాయా?"

లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కాను. ఒక్కో అంతస్తులో ఒక్కో ఇంటి తలుపు సందులోంచి వంట చప్పుళ్ళు వస్తున్నాయి. ఎవరో పిల్లాణ్ణి బడికి తరుముతున్నారు, ఎవరో కుక్కర్ మూత లాగుతున్నారు. ప్రతి తలుపు వెనకా ఒక పొయ్యి ఉంది. ఆయన అన్నదే నిజమేమో. జ్వరం తర్వాత నా ముక్కు పూర్తిగా రాలేదేమో, ఈ ఒక్క కంపే నాకు తెలియకుండా పోయిందేమో, అలా కూడా జరుగుతుందని డాక్టరు అన్నాడు కదా. అదే అయితే ఈ ఉద్యోగం పోయినట్టే. పోతే ఇంట్లో ఎవరూ బాధపడరు, పైగా "పోనీలే, ఇంటిపట్టున ఉంటావు" అంటారు. కానీ అది నిజం కాకపోతే? మెట్ల మలుపులో ఆగి సంచిలో వేసుకొచ్చిన అగ్గిపెట్టె తీసి వాసన చూశాను. వచ్చింది. నిజంగా వచ్చిందా, వస్తుందని తెలుసు కాబట్టి వచ్చినట్టు అనిపించిందా? సూపర్‌వైజరు కూడా గరాటు దగ్గర ఇలాగే కదా పీల్చాడు? నా చేతిలో ఉన్న అగ్గిపెట్టెనే నేను నమ్మలేకపోతున్నాను. గోడకి ఆనుకుని నిలబడితే ఏడుపొచ్చింది. ఏడిస్తే ముక్కు మూసుకుపోతుందని ఆపుకున్నాను.

తలుపు అత్తయ్య తీసింది. వంటింట్లో పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి.

"మూసెయ్యమన్నాను కదా అత్తయ్యా!"

"నువ్వన్నావని మూసేస్తే పసిదానికి స్నానం ఎలాగమ్మాయ్? పొద్దున నేనే తీశాను" అంది. స్నానాలగదిలో ఆడపడుచు పాపకి నూనె రాస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. అత్తయ్య గట్టు మీద ఉన్న పాలసీసా మూత తీసి, రోజూలాగే, అడగనైనా అడక్కుండా నా ముక్కు దగ్గర పెట్టింది. "పొద్దున కలిపిన డబ్బాపాలు. పాపకి పట్టొచ్చా?"

ఆ క్షణంలో నేనేమీ ఆలోచించలేదు. అలవాటుకొద్దీ పీల్చాను. తీపి పాల వాసన కింద, బాగా అడుగున, దారప్పోగంత పులుపు తగిలింది. "పారబోయండి" అన్నాను.

అత్తయ్య అవునా అనలేదు. నీకు అనిపిస్తోందేమో అనలేదు. కోడలికి జలుబేమో, జ్వరం తర్వాత ముక్కు సరిగ్గా రాలేదేమో అనుకోలేదు. సీసా సింక్‌లో బోర్లించి, కుళాయి తిప్పి కడిగేసింది. సొంత మనవరాలి నోట్లోకి వెళ్ళేదాని విషయంలో నా ఒక్క మాట ఆవిడకి చాలింది.

నేను అక్కడే నిలబడిపోయాను. పాల పులుపు ఇంకా ముక్కులో ఉంది. దానితో పాటు అత్తయ్య మోకాళ్ళకి రాసుకునే మందు వాసన, బాల్కనీలో సగం ఆరిన తువ్వాళ్ళ ముక్కిన వాసన, స్నానాలగదిలోంచి పాప నూనె, గోడల సున్నం, అన్నీ వేటికవి విడివిడిగా తెలుస్తున్నాయి. వీటిలో ఏదీ నేను ముందుగా అనుకుని పీల్చింది కాదు. గిన్నె కింద మంట ఆర్పాను. కిటికీ రెండు రెక్కలూ బార్లా తీశాను. మరుగుతున్న నీళ్ళు దించి దూరంగా పెట్టి, రెండో పొయ్యి మీట కొద్దిగా తిప్పి, వెలిగించకుండా, దాని మీదికి వంగాను.

చప్పుడు వినిపిస్తోంది. సన్నగా, పాము బుస కొట్టినట్టు. ఆ గాలి నా పెదవికి తగులుతోంది. వాసన మాత్రం లేదు.

"ఏం చేస్తున్నావ్? వెలిగించు!" అంది అత్తయ్య.

మీట కట్టేశాను. "మీకేమైనా వాసన వచ్చిందా అత్తయ్యా?"

"నాకెందుకొస్తుంది? మంచి గ్యాస్ కదా" అంది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "ఏమైందమ్మాయ్?"

"పాపని తీసుకుని ముగ్గురూ కిందికి రండి. లైట్లు ముట్టుకోవద్దు, లిఫ్ట్ ఎక్కొద్దు" అన్నాను. పసుపు మీట అడ్డంగా తిప్పేసి బయటికి నడిచాను.

మాకు శిక్షణ ఇచ్చినప్పుడు ఒక నిబంధన చదివి వినిపించారు. పరీక్ష చేసేవారికి వాసన తెలియకపోతే సరఫరా అక్కడికక్కడే నిలిపివేసే అధికారం వారికుంటుంది, పైవాళ్ళ అనుమతి అక్కర్లేదు అని. చదివినాయన పుస్తకం మూసి "అధికారమైతే ఉంది, కానీ వాడేముందు ఒక ఫోన్ చెయ్యండి" అన్నాడు. మేమంతా నవ్వాం. ఇంతవరకు మా ఆఫీసులో దాన్ని ఎవరూ వాడలేదు. ఎందుకంటే ఒకసారి మూస్తే మళ్ళీ ఊరికే తెరవడానికి వీల్లేదు. మంటలన్నీ ఆరిపోయి ఉంటాయి, ఎవరి పొయ్యి మీట తెరిచి ఉందో తెలియదు. ప్రతి ఇంటి తలుపూ తట్టి, ప్రతి పొయ్యీ చూసి, అప్పుడు తెరవాలి. ఎంత పెద్దవాడు ఫోన్ చేసినా ఆ పని తప్పదు. ఆ సంగతి మెట్లు దిగుతున్నంతసేపూ నాలో తిరుగుతూనే ఉంది. మూశాక క్షమాపణ చెప్పి వెనక్కి తిప్పే వీలుండదు. ఇంట్లో నేను ఎన్నిసార్లు ఏదో ఒకటి గట్టిగా అని, ముఖాలు మాడేసరికి "ఏమోలెండి, నాకే అలా అనిపించిందేమో" అని వెనక్కి తీసుకున్నానో లెక్కలేదు. దీన్ని మాత్రం అలా తీసుకోలేను.

సూపర్‌వైజరు, డ్రైవరు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఉన్నారు. వ్యాన్ వెనక తలుపు తీసి వాల్వ్ తిప్పే పొడుగాటి ఇనుప కడ్డీ లాగాను. అది ఎప్పుడూ మగవాళ్ళే తిప్పుతారు, నేను పక్కన నిలబడి చూడడమే. గేటు పక్కన నేలలో ఉన్న ఇనుప మూత ఎత్తడానికే గోరు విరిగింది. ఫోన్ తీసి సూపర్‌వైజరుకి చేశాను. నిబంధనలో లేకపోయినా మర్యాద కదా.

"మూసేస్తున్నాను సార్."

"ఏమిటి మూసేది? ఆగండాగండి, వస్తున్నా!" ఆయన రోడ్డుకి అటువైపు టీ గ్లాసుతో లేచి నిలబడడం కనిపిస్తోంది. లారీలు అడ్డం వస్తున్నాయి.

కడ్డీని గుంటలోకి దించి వాల్వ్ తలకి తగిలించాను. కదల్లేదు. బరువంతా వేశాను. కదల్లేదు. భయం వేసింది. తప్పయితే నేనిక ఆఫీసులోనూ ఇంట్లోనూ తలెత్తుకోలేను. ఈ ఇళ్ళన్నిట్లో ఇవాళ వంట ఆగిపోతుంది, అందరూ నన్నే చూపిస్తారు, అదిగో ముక్కు మేడమ్ అని. చెప్పులు విప్పేసి, ఒక పాదం గేటు దిమ్మకి తన్నిపెట్టి, రెండు చేతులా లాగాను. గిర్రున తిరిగింది. నేలలోపల ఏదో బరువైనది కూర్చున్నట్టు చప్పుడైంది.

కాసేపటికి బాల్కనీల్లోకి ఒక్కొక్కరే వచ్చారు. "గ్యాస్ ఆగిపోయింది!" "మీకూనా?" "సగం ఉడికిన కూర అలాగే ఉంది!" కింద ఒక పెద్దాయన చేతిలో గరిటెతోనే వచ్చి, "ఎవరు కట్టేసింది? ఎవరిని అడిగి కట్టేశారు?" అని చుట్టూ చూశాడు. ఇనుప మూత పక్కన చెప్పుల్లేకుండా నిలబడ్డ ఆడదాన్ని చూసి కూడా, కట్టేసినవాడి కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

ఫోన్ మోగింది. మా ఆయన. "చెల్లెలు ఫోన్ చేసింది. పసిపిల్లతో రోడ్డు మీద నిలబెట్టావట! నీకేమైనా పిచ్చా? సూపర్‌వైజరు వాసన వచ్చిందన్నాడట, తనకీ వచ్చిందని మీ డ్రైవరే దానికి చెప్పాడట కదా? ఇంతమంది చెబుతుంటే నీ ఒక్కదానికేనా..."

"నాకు రాలేదండీ" అన్నాను.

"నీకన్నీ అలాగే అనిపిస్తాయి."

ఇదివరకైతే ఇక్కడ నా మాట ఆగిపోయేది. "ఇంకో సంగతి" అన్నాను. "రేపటినుంచి మీ చొక్కా మీరే వాసన చూసుకోండి."

 ఫోన్ కట్టేశాను.  కడ్డీకి పట్టిన తుప్పు అరచేతులకి అంటుకుంది. ఆ తుప్పు వాసన, ఇనుము వాసన, నాకు స్పష్టంగా తెలుస్తోంది.

అత్తయ్య, ఆడపడుచు పాపతో వచ్చి గేటు నీడలో నిలబడ్డారు. ఆడపడుచు ముఖం చిన్నబోయింది. చెమటకి కనుబొమ పెన్సిల్ కరిగి, సగం కనుబొమ ఎక్కడిదక్కడ చెరిగిపోయింది. చర్మం ఎర్రగా కమిలి ఉంది. నేను దాన్ని చూడడం చూసి ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతలోనే ఏదో అర్థమైనట్టు, చెయ్యి తీసేసి పాపని గట్టిగా హత్తుకుంది.

సూపర్‌వైజరు రోడ్డు దాటి వగరుస్తూ వచ్చాడు. టీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది, సగం చొక్కా మీద ఒలికిపోయింది. గుంటలోకి చూశాడు, కడ్డీని చూశాడు, పైన బాల్కనీల్లో అరుస్తున్న జనాన్ని చూశాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తిట్టినా లాభం లేదని, ఆ వాల్వ్ ఇక ఫోన్లతో తెరుచుకునేది కాదని ఆయనకి నాకంటే బాగా తెలుసు. కర్చీఫ్‌తో ముఖం తుడుచుకున్నాడు.

"సరే" అన్నాడు. "మూసేశారు. పైవాళ్ళు అడుగుతారు, కాలనీవాళ్ళు అడుగుతారు, నేను ఏదో ఒకటి చెప్పాలి. గ్యాస్ మళ్ళీ ఎప్పుడు ఇవ్వొచ్చంటారు?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగడం అదే మొదలు. నేను చెప్పులు తొడుక్కున్నాను.

"నాకు వాసన వచ్చినప్పుడు సార్" అన్నాను.